మా బడికి ఫిలాసఫీ లేదు నాయనా

పోయిన నెల మా మనవడి బళ్ళో ఓరియంటేషన్ పెట్టారు. కొడుక్కి ఆఫీసు కాల్, కోడలికి అదే టైముకి ఇంకో కాల్. ఇంట్లో ఫోను మోగనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను ఆటో ఎక్కించారు. కార్ఖానా దాటాక అయిదంతస్తుల అద్దాల మేడ. గుండెజబ్బుల ఆస్పత్రికి తెచ్చి దింపాడని ఆటోవాడితో గొడవపడ్డాను కూడా. లోపల ఏసీ హాలు, సినిమా తెరంత తెర, కుర్చీకో మంచినీళ్ళ సీసా. మా చిన్నమ్మాయి ఈడు ఆవిడ మైకు పట్టుకుని "అవర్ ఎడ్యుకేషనల్ ఫిలాసఫీ" అని అందుకుంది. అందుకున్నది ముప్పావుగంట దించలేదు. హోలిస్టిక్ అంది, చైల్డ్ సెంట్రిక్ అంది, క్రిటికల్ థింకింగ్ అంది, లైఫ్ స్కిల్స్ అంది. మధ్యలో నేనొక కునుకు తీసి లేచేసరికి మళ్ళీ హోలిస్టిక్ దగ్గరికొచ్చింది. చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటే చెయ్యెత్తాను.

"అమ్మా, పిల్లలు ఆడుకునే గ్రౌండు ఎటువైపు?"

"టెర్రస్ మీద టర్ఫ్ ఉంది అంకుల్. సెక్షన్ల వారీగా స్లాట్లు ఇస్తాం."

కల్యాణమండపం బుక్ చేసుకున్నట్టు ఆటకి స్లాటు! మావాడి సెక్షన్‌కి శనివారం మూడున్నర నుంచి నాలుగుంబావు దాకానట. ఆ శనివారం వాన పడిందా, వారానికి సరిపడా ఆట గోవిందా.

మా రోజుల్లో బడికి ఫిలాసఫీ ఉండేది కాదు నాయనా. రైలుపట్టా ముక్క ఉండేది. మూరెడు ముక్క, వేపకొమ్మకి ఇనపతీగతో వేలాడేది. ప్యూను కడ్డీతో కొడితే ఖంగుమని మోగి, ఆ మోత తగ్గాక కూడా కాసేపు పళ్ళల్లో జివ్వుమంటూ ఉండేది. ఎండాకాలం ఒక రకంగా, చలికాలం ఒక రకంగా మోగేది. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. ఆయనకి వాచీ లేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని గడియారస్తంభం వైపు చూసి కొట్టేవాడు. ఆ చూపులో అయిదు నిమిషాలు అటో ఇటో అయ్యేది. గోలీల బాకీలు తీరడం, పక్కవాడి హోంవర్కు మన నోట్సులోకి దిగడం, నిన్నటి తగాదాలు చల్లారడం, అన్నీ ఆ అయిదు నిమిషాల్లోనే. ఇప్పటి బళ్ళో కంప్యూటరు తనంతట తనే పియానో వాయిస్తుందట, సెకను తేడా రాదట. మరి తగాదాలు ఎప్పుడు చల్లారాలి?

అసలు బడికి వెళ్ళడంలోనే సగం చదువు అయిపోయేది. నేను చిలకలగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. మా నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని, స్టేషను ముందుకొచ్చి, ఆల్ఫా హోటల్ దగ్గర నిలబడి చాయ్ వాసన ఫ్రీగా పీల్చి, మోండా మార్కెట్లో ఒక పక్క దూరి ఇంకో పక్క తేలేవాళ్ళం. మా లష్కర్, అంటే సెకండరాబాద్, పటాలం వెంట పెరిగిన ఊరు కదా. మొదలియార్లు తమిళంలో బేరమాడేవారు, సేట్లు గుజరాతీలో లెక్కలు గొణుక్కునేవారు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు ఇంగ్లీషులో విసుక్కునేవారు, జట్కావాడు అందరినీ కలిపి ఉర్దూలో తిట్టేవాడు. మాకు నాలుగు భాషలు అలా వచ్చాయి. చదవడం రాయడం రాదులే. తిట్టడం మాత్రం తప్పుల్లేకుండా వచ్చు.

ఇంతకీ ఇది ఎందుకు ఎత్తానంటే, వర్షాలు మొదలైన కొత్తల్లో మావాడి బళ్ళో ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ అని 650 రూపాయలు కట్టించుకుని, పిల్లల్ని ఏసీ బస్సులో కూరగాయల మార్కెట్ చూపించడానికి తీసుకెళ్ళారు. ఏ మార్కెట్? మోండా! నేను ఆరేళ్ళు ఊరికే తిరిగిన మోండా. మెళ్ళో ట్యాగులు, చేతిలో వర్క్‌షీటు. కంటితో చూసినవి మూడు, చెవితో విన్నవి మూడు, ముక్కుతో... అలా గళ్ళున్నాయి. ముక్కు గడిలో మావాడు ఇంగ్లీషులో "చెత్త" అని ఒకే మాట రాశాడు.

"బెండకాయ చివర విరిచి చూశావుట్రా?" అన్నాను.

"లేదు తాతయ్యా. ముట్టుకోవద్దన్నారు."

చివర పుటుక్కుమంటే లేత, వంగి ఊరుకుంటే ముదురు. ఆ పుటుక్కు వేలికి తెలియాలి గానీ వర్క్‌షీటు గడిలో పడుతుందా? ఈ మాట గట్టిగానే అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "మీరు తెచ్చినవాటిల్లో యాభై ఏళ్ళుగా సగం ముదురేగా" అంది. ఆవిడకి ఈ మధ్య చెవులు మరీ బాగా వినిపిస్తున్నాయి.

సరే, ఎక్కడున్నాం? ఫిలాసఫీ. ఈ ఊళ్ళో ఘనమైన బళ్ళు అప్పుడు లేవని కాదు. ప్యాట్నీ దగ్గర మహబూబ్ కాలేజీ ఉంది. 1862లో సోమసుందరం మొదలియార్ గారు పెట్టింది, తర్వాత ఆరో నిజాము పేరు పెట్టుకుంది. వివేకానందుడు షికాగో వెళ్ళకముందే, 1893 ఫిబ్రవరి 13న, అక్కడే నిలబడి పడమటి దేశాలకు తానెందుకు వెళ్ళదలచాడో చెప్పాడు. అప్పటికాయన ఎవరో లోకానికి తెలీదు. అయినా మైకు లేదు, తెర లేదు, కుర్చీకో నీళ్ళ సీసా లేదు, జనం మాత్రం విన్నారు. నాలాగా కునుకు తీసినవాడు ఒకడైనా ఉండే ఉంటాడు, వాడి సంగతి ఎవరూ రాయలేదు.

ఇంకోటి బేగంపేటలోది. గుమ్మటాల భవనం, కంచెకి అవతల కనుచూపు మేర మైదానం. మేం బస్సులో అటు పోతూ కిటికీలోంచి మెడలు సాగదీసి చూసేవాళ్ళం. ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూలంటారు గానీ, 1923లో పుట్టినప్పుడు దాని పేరు జాగీర్దార్స్ కాలేజ్. జాగీర్దార్ల పిల్లలకి ఇంగ్లండులో ఈటన్ బడి ఎలాగో అలాంటి బడి కావాలని కట్టారు. అదీ ఫిలాసఫీ అంటే! తండ్రి జాగీరును రేపు కొడుకు దర్జాగా ఏలుకోవాలి, అందుకు వాణ్ణి తయారుచెయ్యాలి. తయారుచేస్తూ ఉండగానే 1949లో జాగీర్లే రద్దయిపోయాయి. గుర్రపుస్వారీ నేర్పిన రోజునే గుర్రాన్ని అమ్మేసినట్టయింది. 1951లో పేరు మార్చుకుని మామూలు జనం పిల్లల్ని కూడా చేర్చుకున్నారు.

ఇంకో వింత గమనించావా? మహబూబ్ కాలేజీ, జాగీర్దార్స్ కాలేజ్, రెండూ పేరుకే కాలేజీలు, లోపల నడిచింది బడి. ఇప్పుడు బోర్డు మీద స్కూలని ఉంటుంది, లోపల నడిచేది కాలేజీ. మావాడు ఆరో తరగతి. పదకొండేళ్ళు. పాలపళ్ళు ఇంకా రెండు ఊడాలి. వాడికి ఐఐటీ ఫౌండేషన్ అట! ఆరులోనే ఫిజిక్సు వేరు, కెమిస్ట్రీ వేరు. ఆదివారం వీకెండ్ టెస్టు, దానికి ఓఎమ్మార్ షీటు, తప్పు రాస్తే నెగటివ్ మార్కులు, సోమవారం ఎరర్ లిస్టు, నెలాఖరుకి ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. ఏ పూట ఏం చదవాలో గంటగంటకీ రాసిన మైక్రో షెడ్యూలు ఒకటి ఫ్రిజ్ మీద అంటించారు. నేను రైల్వే డ్యూటీలో ఉండగా గూడ్సు బండ్లకి కూడా అంత కచ్చితమైన షెడ్యూలు లేదు.

మరి ఆ ముప్పావుగంట చెప్పిన హోలిస్టిక్ ఏమైందని అడుగుతావా? అది మంగళవారం ఆరో పీరియడ్.

ఫౌండేషన్ అంటే పునాదే కదా. పునాది సంగతి మేస్త్రీని అడుగు. పాతకాలంలో పునాది వేశాక ఒక వానాకాలం అలా వదిలేసేవారు. వానలకి మట్టి తడిసి, దిగి, కూర్చున్నాకే గోడ లేపేవారు. మమ్మల్ని అలా వదిలేశారు. అందుకే మా చదువుని వానాకాలం చదువు అన్నారేమో, నాకు తెలీదు, ఇప్పుడే తోచింది. ఇప్పుడు పొద్దున పునాది, మధ్యాహ్నం స్లాబు, సాయంత్రం హోర్డింగు మీద ఫోటో. ఫలితాలొచ్చిన రోజు టీవీ పెట్టుకో. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఒకడు ఊపిరాడకుండా అరుస్తాడు. మా రెండో తరగతి సారు వింటే "ఒకటి తర్వాత ఏమిట్రా?" అని గోడకుర్చీ వేయించేవాడు.

గోడకుర్చీ అంటే తెలీదు కదూ? గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చోవాలి. తొడలు వణికి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, చివరికి జారి కూలబడేదాకా. దాని అన్న తొడపాశం. వాళ్ళిద్దరికీ తాత చెవి మెలిక. మా లెక్కల సారు ఎక్కాలు తప్పితే ఎడమ చెవే పట్టుకునేవాడు. ఆయనది కుడిచేతి వాటం, మేం ఎదురుగా నిలబడేవాళ్ళం. ఇవాళ్టికీ నా ఎడమ చెవి కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది, కళ్ళజోడు వంకరగా కూర్చుంటుంది. ఇది గొప్పగా చెబుతున్నానో ఏడుస్తూ చెబుతున్నానో నాకే తెలీదు. ఎక్కాలు మాత్రం వచ్చాయి. మొన్న మావాణ్ణి "పదిహేడు ఎనిమిదులు?" అని అడిగి, నేను పదిహేడోకం పదిహేడు దగ్గర్నుంచి రాగం అందుకున్నాను. నేను అయిదు దగ్గరుండగానే "నూట ముప్పై ఆరు" అన్నాడు. ఎలారా అంటే ఇరవై ఎనిమిదులు నూట అరవై, మూడు ఎనిమిదులు తీసేశాను అన్నాడు. ఇది లెక్క కాదు, మోసం. చెవి మెలిపెట్టకుండా వచ్చే లెక్క ఎక్కడైనా ఉంటుందా?

మేం ఏమవుతామో మా బడికి తెలీదు, మా ఇంట్లో తెలీదు, మాకు అసలే తెలీదు. హెచ్చెస్సీ అయ్యాక పీయూసీ అప్లికేషను ఇవ్వడానికి వెళ్ళాను. రెండు క్యూలున్నాయి. బైపీసీ క్యూ ఎండలో ఉంది, ఎంపీసీ క్యూ వేపచెట్టు నీడలో ఉంది. నీడలో నిలబడ్డాను. నా కెరీర్ గైడెన్సు అంతే. నేను ఏ గ్రూపులో ఉన్నానో మా నాన్నకి దసరా దాకా తెలీలేదు, తెలిశాక కూడా "అంటే ఏమిటి?" అన్నాడు. తర్వాత కొన్నేళ్ళకే రెండేళ్ళ ఇంటరూ, 1971లో దానికో బోర్డూ వచ్చాయి. ఆ పైన ఎంసెట్టు. ఎనభైల్లో నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఊరి తిథివారాలే మారాయి. ఆయన దగ్గర చేరడానికి ఒక పరీక్ష, ఆ పరీక్ష పాసవడానికి ఇంకెక్కడో కోచింగు. ఆయన మహానుభావుడు, ఆయన్ని ఏమీ అనను. ఆ ఇంకెక్కడో కోచింగువాళ్ళ మనవలే ఇప్పుడు ఫిలాసఫీ చెబుతున్నారని నా అనుమానం.

ఇప్పుడు చెప్పు. ఆ బేగంపేట బళ్ళో చదివినవాడే కదా సత్య నాదెళ్ళ. శంతను నారాయణ్, అజయ్ బంగా కూడా అక్కడివాళ్ళే. ఆ నాదెళ్ళ అబ్బాయి ఐఐటీ ఎంట్రెన్సు తప్పాడు. తప్పానని తన పుస్తకంలో తనే రాసుకున్నాడు, మణిపాల్‌లో చేరాడు. మావాడి బడి మెట్ల మీద ఆయన ఫోటో ఉంది. కింద ఈ ముక్క రాయలేదు. ఐఏఎస్ తండ్రి ఆయన గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ పెట్టాడట, తల్లి లక్ష్మీదేవి పటం పెట్టిందట, పిల్లవాడికి మాత్రం కావలసింది క్రికెటర్ జయసింహ బొమ్మట.

జయసింహ! మా మారేడ్‌పల్లి జయసింహ. ఆ పేరు ఎత్తితే నేను ఇక ఆగలేను గానీ, రెండే ముక్కలు చెబుతాను. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్టు మ్యాచ్ అయిదు రోజుల్లో అయిదు రోజులూ బ్యాటింగు చేసిన మనిషి ఆయన. అదే ఏడాది చివర కాన్పూర్‌లో పాకిస్తాన్ మీద ఎనిమిది గంటల పైచిలుకు ఆడి 99 కొట్టాడు. నూరో పరుక్కి వెళ్ళి రనౌటయ్యాడు. ఎనిమిది గంటలు! ఇప్పటి బళ్ళో అయితే ప్రోగ్రెస్ రిపోర్టులో "టైమ్ మేనేజ్‌మెంట్ ఇంప్రూవ్ అవ్వాలి" అని రాసి సెక్షన్ మార్చేసేవారు. మాకు ఆయన దేవుడు. కాలరు పైకెత్తి చొక్కా గుండీ పెట్టుకునే తీరు చూసి, మేమూ కాలర్లెత్తుకుని బడికెళ్ళి ఎడమచెవులు పొడుగు చేయించుకున్నాం.

నన్ను రైల్వే తయారుచేసింది. సెకండరాబాద్ బుకింగ్ కౌంటర్లో కూర్చున్నాను. అట్ట టిక్కెట్లు చూశావా నువ్వు? బొటనవేలంత వెడల్పు, మందపాటి అట్ట. గూట్లోంచి ఒకటి లాగి, డేటింగ్ మిషన్లోకి తోస్తే టక్! తారీకు పడి బయటికొచ్చేది. కాజీపేట, వరంగల్, డోర్నకల్, బెజవాడ, అన్ని చార్జీలూ నోటికి వచ్చు. ఫుల్లు, హాఫు, రిటర్ను, చిల్లరతో సహా. ఆ టక్ మోతకి నా భుజం ఇప్పటికీ నిద్రలో కదులుతుందని మా ఆవిడ ఫిర్యాదు. అన్నీ వచ్చేశాయి, ఇక పెన్షన్ దాకా ఢోకా లేదనుకున్నాక కంప్యూటరొచ్చింది. నా నోటి చార్జీలూ జాగీర్లూ ఒకే గంగలో కలిశాయి. నలభై దాటినవాణ్ణి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడి పక్కన స్టూలేసుకుని కీబోర్డులో "ఎ" ఎక్కడుందో వెతుక్కున్నాను. ఎడమ చెయ్యి చివర ఉంది. ఎవడు పెట్టాడో అక్కడ.

ఇదంతా మొన్న రాత్రి భోజనాల దగ్గర చెబుతున్నాను, ఫ్రిజ్ మీది షెడ్యూలు వైపు వేలు చూపిస్తూ. కోడలు పెరుగు వడ్డిస్తూ మెల్లగా అంది: "మామయ్యా, ఎనిమిదో తరగతిలో మీ అబ్బాయి బ్యాటు అటకెక్కించింది మీరేనటగా?"

కొడుకు కంచంలోకి చూస్తున్నాడు. వీడు చెప్పి ఉంటాడు. ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకుని పెళ్ళానికి చెప్పాడు.

నిజమే. 1993. ఆ కోచింగుల కాలమే. మా కౌంటర్లో పక్క సీటువాడి కొడుక్కి సీటొచ్చింది, నాకు నిద్ర పోయింది. మావాణ్ణి నాలుగున్నరకి లేపి, స్కూటర్ వెనక కూర్చోబెట్టి, నిద్రలో పడిపోకుండా వాడి రెండు చేతులూ నా నడుముకి తువ్వాలుతో కట్టి తీసుకెళ్ళేవాణ్ణి. వాడికి ఐఐటీ రాలేదు. వేరే ఏదో వచ్చింది, బాగానే ఉన్నాడు. బ్యాటు మాత్రం నేను దించలేదు, వాడు అడగలేదు.

ఆ రాత్రే స్టూలెక్కాను. మా ఆవిడ కింద నిలబడి "పడతారు, పడతారు" అంటోంది. నన్ను ఆపుతోందో ఆశీర్వదిస్తోందో తెలీలేదు. ఆవకాయ జాడీల వెనక, పాత దుప్పటి చుట్టలో ఉంది. గ్రిప్పు రబ్బరు పట్టుకోగానే పొడిపొడిగా రాలి అరచేతికి నల్లగా అంటుకుంది. అంచున ఎర్ర బంతి మరకలు రెండు అలాగే ఉన్నాయి. మావాడు వచ్చి అటూ ఇటూ తిప్పి, "బరువుంది తాతయ్యా, టర్ఫ్ మీదికి సొంత బ్యాట్లు ఎలౌడ్ కాదు" అన్నాడు. అవిసె నూనె రాసి ఎండలో పెట్టాను. ఎందుకు పెట్టానో అడక్కు.

ఇంకో సంగతి, ఇది ఎవరికీ చెప్పకు. వాడి పాత టెస్టు పేపరొకటి తీసుకుని తలుపేసుకుని నేనూ రాశాను. ఆరో తరగతిదే కదా, తాతకు దగ్గులు నేర్పుతారా అనుకున్నాను. నలభై ప్రశ్నలు. సున్నాలు నల్లగా దిద్దడం భలే ఉంది, రంగవల్లి వేసినట్టు. తెలియనివాటికి కూడా దిద్దేశాను, ఖాళీ వదలడం మా సారు నేర్పలేదు. మనవడు దిద్ది చూసి, నోరు నొక్కుకుని, కాయితం నా ముందు పెట్టాడు. మైనస్ మూడు. సున్నా కన్నా తక్కువ మార్కులొచ్చే పరీక్ష మా రోజుల్లో లేదు, అంత అన్యాయం మా లెక్కల సారుకి కూడా తోచలేదు.

"నీకు ఫౌండేషన్ వీక్ తాతయ్యా" అన్నాడు. "రోజుకో చాప్టర్ చెబుతాలే."

చెబుతున్నాడు కూడా. నిన్నటికి కాంతి అయింది, నీడలు ఎలా పడతాయో చెప్పాడు. రేపు ఆదివారం, మళ్ళీ వాడికి టెస్టు. తెల్లారి అయిదింటికి లేపమన్నాడు. నా ఫోన్లో అలారం ఎలా పెట్టాలో నాకు రాదు. వాడే పెట్టి, నా దిండు పక్కన బోర్లించి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.